అరవై నాలుగు గళ్ళ సంఖ్య

తెలుగులో కావ్యరచన ఆరంభమైన తొలి శతాబ్దులలోనే గణితశాస్త్రం కూడా పద్యరూపం ధరించింది. మహావీరాచార్యుడు క్రీ.శ. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలంలో, సంస్కృతంలో రచించిన 'గణితసార సంగ్రహం' అనే గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. మల్లన 11వ శతాబ్దివాడని కొందరు, 12వ శతాబ్ది తొలినాళ్ళవాడని కొందరు సాహిత్య చరిత్రకారులు నిర్ణయించారు. కాలం విషయంలో వాదం ఉన్నా, తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథాలలో 'పావులూరి గణితం' ఒకటి అనే విషయంలో భిన్నాభిప్రాయం లేదు. మూలానికి మాటకు మాట అనువాదంగా గాక, తెలుగు పాఠకునికి తగినట్లుగా లెక్కలను మార్చి చెప్పడం మల్లన పద్ధతి.

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యాలలో ఒక చంపకమాల ఉంది. అందులో నాయికా వర్ణన లేదు, యుద్ధ వర్ణన లేదు. ఉన్నదల్లా ఒకే ఒక సంఖ్య. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా ఒక్కొక్క గడికి రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్ళలోని మొత్తం ఎంత అన్నది ఆ పద్యంలోని విషయం. సమాధానం 18446744073709551615. ఇరవై అంకెల సంఖ్య ఇది. నేటి లెక్క ప్రకారం దీనిని ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లకు పైచిలుకు అని చదువుకోవచ్చు. మహావీరాచార్యుడు ఏకం మొదలు మహాక్షోభం వరకు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆ వరుసలో ఈ సంఖ్య ఇరవయ్యవ స్థానమైన మహాశంఖం వరకు చేరుతుంది. అంటే ఆనాటి విద్యార్థి వద్ద ఇంత పెద్ద సంఖ్యను పలకడానికి కావలసిన మాటలు సిద్ధంగా ఉన్నాయన్నమాట.

అయితే పద్యంలో అంకెలు అంకెలుగా కనిపించవు. ప్రాచీన భారతీయ గణితజ్ఞులు, జ్యోతిష్కులు అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడేవారు. దీనికే భూతసంఖ్యా పద్ధతి అని పేరు. ఆకాశం శూన్యం గనుక దానికి సున్న విలువ. చంద్రుడు ఒక్కడే గనుక ఒకటి. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు అయిదు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఏనుగుకు సంస్కృతంలో ఎన్ని పర్యాయపదాలున్నాయో కవికి 'ఎనిమిది' అనడానికి అన్ని మార్గాలున్నాయి. గణానికి సరిపోయిన మాటను ఏరుకోవడమే అతని పని. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. కాబట్టి పద్యంలో మొదట వినిపించేది చివరి అంకె అయిన 5. అన్నింటికంటె పెద్ద స్థానంలోని 1 చివరగా వస్తుంది.

ఈ పద్ధతి కేవలం చమత్కారం కోసం ఏర్పడినది కాదు. తాటాకుపై గంటంతో గీసిన ఇరవై అంకెల వరుసలో ఒక్క అంక జారిపోయినా, రెండు అంకెలు తారుమారైనా లేఖకుడు గుర్తించలేడు. పద్యంలో ఒక మాట జారిపోతే గణభంగమవుతుంది. ప్రాస తప్పుతుంది, యతి చెడుతుంది. లెక్క రానివాడు కూడా ఎక్కడో పొరపాటు జరిగిందని చెప్పగలుగుతాడు. ఛందస్సు ఇక్కడ సంఖ్యకు కావలి కాసింది. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా చేతులు మారిన ఆ పద్యాన్ని నేడు విప్పి చూస్తే ఇరవై అంకెలూ సరిగ్గా సరిపోతాయి.

ఈ సంఖ్యకు మూలమైన కథ అనేక దేశాలలో వ్యాపించింది. 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బు రచయిత దానిని గ్రంథస్థం చేశాడు. సిస్సా అనే మేధావి చదరంగాన్ని కనిపెట్టి హిందూదేశపు రాజుకు చూపాడట. రాజు సంతోషించి ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. సిస్సా గోధుమగింజలు అడిగాడు, గడిగడికీ రెట్టింపు చొప్పున. ఇంత అల్పమైన కోరికా అని రాజు చిన్నబుచ్చుకొన్నాడు. కొలువులోని లెక్కలవారు కూడికలు పూర్తిచేసి, రాజ్యంలోని ధాన్యమే కాదు, భూమండలంలోని ధాన్యమంతా తెచ్చినా చాలదని విన్నవించుకోవలసి వచ్చింది. కోరిక పెద్దదా, దానిని కోరిన తెలివి పెద్దదా అని రాజు ఆశ్చర్యపోయాడని కథ.

రాజు పొరపాటు ఎక్కడ జరిగిందో చూడాలంటే కథను పక్కనపెట్టి తూకం వేయాలి. గోధుమలకు బదులు బియ్యపు గింజలనుకొని, గ్రాముకు నలభై గింజలు తూగుతాయనుకొంటే, పలకలోని మొదటి వరుస నిండేసరికి 255 గింజలు అవుతాయి. అవి ఏడు గ్రాములు కూడా తూగవు. రెండవ వరుస పూర్తయితే 65535 గింజలు, అంటే కిలో ఆరువందల గ్రాములు దాటుతుంది. ఒక కుటుంబానికి రెండు పూటల అన్నం. మూడవ వరుస చివర నాలుగు క్వింటాళ్ళ పైన. సగం పలక నిండేసరికి 4294967295 గింజలు, సుమారు 107 టన్నులు. పది టన్నుల లారీలు పదకొండు కావాలి. ఇంతవరకు రాజు నవ్వుతూనే ఉండవచ్చు. ఇంతటి బహుమానం ఇవ్వగల గాదెలు రాజులకు ఉంటాయి. మిగిలిన సగంలోనే ఉంది కష్టమంతా. అయిదవ వరుస ముగిసేటప్పటికి 27 వేల టన్నులు దాటి, పలక మొత్తానికి 46 వేల కోట్ల టన్నులకు పైగా తేలుతుంది. నేడు ప్రపంచమంతటా ఏటా పండే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం ఎక్కువ. ఆ లెక్కన ఎనిమిది, తొమ్మిది వందల సంవత్సరాల పంటను ఒక్క గింజ తినకుండా దాచి సిస్సాకు అప్పగించాలి.

మొత్తాన్ని కనుగొనడానికి అరవై నాలుగు సంఖ్యలను వరుసగా కూడవలసిన పని లేదు. ఎవరి వద్దనైనా ఒక్క గింజ అప్పు తెచ్చి పలక పక్కన పెట్టినట్లు భావించాలి. ఆ గింజ, మొదటి గడిలోని గింజ కలిసి రెండవుతాయి. రెండవ గడిలో ఉన్నవీ రెండే. కలిపితే నాలుగు. మూడవ గడిలో నాలుగున్నాయి. కలిపితే ఎనిమిది. ఈ విధంగా అంతవరకు కూడినది ఎప్పుడూ రాబోయే గడితో సమానంగా ఉంటుంది. చివరి గడి కూడా కలిస్తే 2⁶⁴ వస్తుంది. తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేస్తే మిగిలేది 2⁶⁴ − 1. గుణశ్రేఢి సూత్రంలో ఉన్న రహస్యమంతా ఈ ఒక్క గింజ అప్పులోనే ఉంది.

2⁶⁴ విలువ కట్టడానికి కూడా దగ్గరి దారి ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో ఈ చదరంగపు లెక్క చేస్తూ ఆ దారిని చూపాడు. ఒక గడిలోని సంఖ్యను దానితోనే గుణిస్తే, మొదటి గడి నుండి అది ఎంత దూరంలో ఉందో, అక్కడి నుండి మరల అంత దూరంలో ఉన్న గడిలోని సంఖ్య వస్తుందని అతడు గ్రహించాడు. అందుచేత 2 వర్గం 4, దాని వర్గం 16, తరువాత 256, 65536, 4294967296, చివరకు 18446744073709551616. ఆరు గుణకారాలతో పని ముగిసింది. వీటిలో చివరిది మాత్రం పది అంకెల సంఖ్యను పది అంకెల సంఖ్యతో గుణించడం. కాగితం, కలం ఉన్నవారికి ఒక సాయంత్రపు పని.

సంఖ్య దొరికిన తరువాత దాని స్వభావాన్ని పరిశీలించాలి. చివరి అంక 5 గనుక అది 5తో భాగింపబడుతుంది. అంకెల మొత్తం 87. కాబట్టి 3తో భాగింపబడుతుంది, 9తో భాగింపబడదు. అయితే ఈ సంఖ్యను పూర్తిగా విడదీయడానికి తొమ్మిదవ తరగతిలో నేర్చిన ఒక సర్వసమీకరణం చాలు. రెండు వర్గాల భేదం వాటి మూలాల మొత్తానికీ భేదానికీ లబ్ధం. 2⁶⁴ అనేది 2³² యొక్క వర్గం, 1 అనేది 1 యొక్క వర్గం. అందువల్ల 2⁶⁴ − 1 సంఖ్య (2³² − 1), (2³² + 1) అనే రెండు ముక్కలవుతుంది. మొదటి ముక్క మరల అదే విధంగా చీలుతుంది. చీల్చగా చీల్చగా మిగిలేవి ఆరు సంఖ్యలు: 3, 5, 17, 257, 65537, 4294967297. వీటి లబ్ధమే మల్లన సంఖ్య.

ఈ ఆరు సంఖ్యలు గణితచరిత్రలో ఒక గొప్ప పొరపాటుకు సాక్షులు. 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశానికి చెందిన పియర్ ద ఫెర్మా వృత్తిరీత్యా న్యాయాధికారి. తీరిక వేళల్లో గణితం అభ్యసించి, సంఖ్యాశాస్త్రంలో ఆనాటి పండితులందరినీ మించినవాడు. రెండు ఘాతానికి ఒకటి కలుపగా వచ్చే సంఖ్యలలో, ఆ ఘాతాంకం 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపవుతూ పోయే వాటిని అతడు పరిశీలించాడు. 3, 5, 17, 257, 65537 అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక పైవన్నీ కూడా ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో మిత్రులకు వ్రాసిన లేఖలలో ప్రకటించాడు. తన వద్ద నిరూపణ లేదని ఒప్పుకొన్నాడు గాని, నమ్మకాన్ని మాత్రం వదలలేదు. ఆరవది 4294967297. దీనిని పరీక్షించడానికి వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడాలి. అవి 6542. కనుక ఫెర్మా ఆ జోలికి పోకపోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. కాని తొలి పది డజన్ల భాగహారాలు చేసి ఉంటే కూడా సరిపోయేదని తెలిసిన తరువాత, ఇన్ని రహస్యాలు ఛేదించిన మహానుభావుడు ఇక్కడ ఎందుకు ఆగిపోయాడా అనిపించక మానదు.

ఆ తరువాత దాదాపు తొంభై సంవత్సరాలు ఆ మాటను ఎవరూ కదిలించలేదు. 1729లో గోల్డ్‌బాక్ అనే పండితుడు తన యువమిత్రుడైన లియొనార్డ్ ఆయిలర్‌కు వ్రాసిన లేఖలో, ఫెర్మా చెప్పిన ఈ విషయం తెలుసునా అని అడిగాడు. మొదట ఆయిలర్ పెద్దగా ఆసక్తి చూపలేదు. కాని ఆ ప్రశ్న అతనిని వదలలేదు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్ 1732లో సమాధానం చెప్పాడు. 4294967297 ప్రధాన సంఖ్య కాదు. అది 641, 6700417 అనే రెండు సంఖ్యల లబ్ధం.

ఆయిలర్ గుడ్డిగా భాగించి చూసినవాడు కాదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిని 64తో భాగించినప్పుడు శేషం తప్పక 1 కావాలని అతడు తరువాత నిరూపించాడు. ఆ నియమానికి లోబడిన ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే 6542 భాగహారాలు చేయవలసిన చోట అయిదవ ప్రయత్నానికే తాళం తెరుచుకుంటుంది. ఆలోచన శ్రమను ఎంత తగ్గించగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం అరుదు.

641 దీనిని నిశ్శేషంగా భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూపవచ్చు. 641 అంటే 640కి ఒకటి ఎక్కువ. 640 అంటే 5ను 2⁷తో గుణించినది. అందువల్ల 640ని 641తో భాగిస్తే శేషం −1 అని చెప్పవచ్చు. నాలుగవ ఘాతానికి ఎక్కిస్తే, 5⁴ను 2²⁸తో గుణించిన సంఖ్యకు శేషం +1. ఇక 641నే మరొక విధంగా 625, 16ల మొత్తంగా వ్రాయవచ్చు. అంటే 5⁴ + 2⁴. కాబట్టి 641తో భాగించే సందర్భంలో 5⁴కు బదులు −2⁴ను ఉంచవచ్చు. అలా ఉంచితే −2³²కు శేషం 1 అవుతుంది. అనగా 2³²కు శేషం −1. దానికి ఒకటి కలిపితే శేషం సున్న. 2³² + 1 సంఖ్య 641తో భాగింపబడుతుంది.

19వ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా నుండి లండన్ వచ్చిన జెరా కోల్బర్న్ అనే బాలుడు ఇదే సంఖ్యను మనసులోనే విడదీసి 641 అని చెప్పాడంటారు. ఏ విధంగా కనుగొన్నావని అడిగితే ఆ వయస్సులో వివరించలేకపోయాడట. ఆయిలర్ చేసినది అటువంటిది కాదు. అతని దారిలో ఎవరైనా నడవవచ్చు.

ఇప్పుడు మల్లన సంఖ్యను పూర్తిగా వ్రాయవచ్చు. అది 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏ ఒక్కటీ రెండుసార్లు రాదు. ప్రతి దానినీ తీసుకోవడమో, విడిచిపెట్టడమో చేయవచ్చు గనుక ఈ సంఖ్యకు 128 భాజకాలున్నాయి. ఇది ఇంత సులువుగా విడిపోగా, దీనికంటె కేవలం రెండు ఎక్కువైన 18446744073709551617 కథ వేరు. అది 2⁶⁴ + 1. వర్గాల భేదం కాదు గనుక పై సర్వసమీకరణం అక్కడ పనిచేయదు. ఫెర్మా మాట ప్రకారం అదీ ప్రధాన సంఖ్యే కావాలి. 274177 దానిని భాగిస్తుందని 1855లో థామస్ క్లౌసెన్ కనుగొని గాస్‌కు లేఖ వ్రాశాడు గాని, ఆ లేఖ సంగతి చాలాకాలం వెలుగులోకి రాలేదు. 1880లో ఫార్చునే లాండ్రీ అనే ఫ్రెంచి వృద్ధుడు, ఎనభై రెండేళ్ళ వయస్సులో, ఎన్నో నెలలు శ్రమించి దానిని విడదీశాడు. 65537 తరువాత ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య నేటివరకు ఎవరికీ దొరకలేదు. అసలు ఉన్నదో లేదో కూడా ఎవరూ నిరూపించలేదు. ఫెర్మా అన్నీ ప్రధానాలే అన్నాడు. అతడు చూసిన అయిదింటితోనే ఆ వరుస ఆగిపోయినట్లుంది.

అలాగని ఫెర్మా సంఖ్యలు వ్యర్థం కాలేదు. 1796లో, ఇంకా పందొమ్మిదేళ్ళు నిండని గాస్, పదిహేడు సమాన భుజాలున్న బహుభుజిని కేవలం స్కేలు, వృత్తలేఖినులతో గీయవచ్చునని నిరూపించాడు. గ్రీకుల కాలం నుండి రెండువేల ఏళ్ళుగా ఎవరూ ఊహించని ఫలితం అది. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, అది భిన్నభిన్న ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైతేనే ఆ చిత్రణ సాధ్యం. తెలిసిన అయిదింటినీ గుణిస్తే వచ్చేది 4294967295. అది సరిగ్గా సగం చదరంగపు పలకలోని గింజల సంఖ్య. అన్ని భుజాల బొమ్మను ఎవరూ గీయబోరు. అయితే హెర్మెస్ అనే జర్మన్ పండితుడు 65537 భుజాల బొమ్మకు నిర్మాణక్రమం వ్రాయడానికి పదేళ్ళు వెచ్చించాడు. ఆ వ్రాతప్రతి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది.

మల్లన సంఖ్య 1883లో మరొక వేషంలో కనిపించింది. ఎడ్వర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు మూడు కడ్డీలు, చిన్నవీ పెద్దవీ అయిన బిళ్ళలతో ఒక ఆటవస్తువును తయారుచేశాడు. దానికి తోడుగా ఒక కథ ప్రచారమయింది. కాశీలోని ఆలయంలో అరవై నాలుగు బంగారు బిళ్ళలను పూజారులు ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి మారుస్తుంటారని, ఒకసారికి ఒకటే తీయాలని, చిన్నదానిపై పెద్దది పెట్టరాదని, అన్నీ మారిననాడు ప్రపంచం అంతమవుతుందని ఆ కథ. కాశీలో అటువంటి ఆలయం ఏదీ లేదు. కథ ఫ్రాన్సులో పుట్టినదే. లెక్క మాత్రం నిజం. ఒక బిళ్ళ అదనంగా చేరితే, పైనున్న బిళ్ళలన్నింటినీ రెండుసార్లు మార్చాలి, అడుగుదానిని ఒకసారి మార్చాలి. కాబట్టి 1, 3, 7, 15 అంటూ పెరిగి అరవై నాలుగు బిళ్ళలకు 18446744073709551615 కదలికలు అవుతాయి. క్షణం విరామం లేకుండా సెకనుకొకటి చొప్పున కదిపినా 58 వేల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. విశ్వం పుట్టి నేటికి గడిచినవి సుమారు 1,380 కోట్ల సంవత్సరాలే.

కథలలో, పద్యాలలో తిరిగిన ఈ సంఖ్య నేడు ప్రతి కంప్యూటరులోనూ, చేతిలోని ఫోనులోనూ నివసిస్తున్నది. కంప్యూటరు సంఖ్యలను ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అనే రెండే గుర్తులతో వ్రాసుకొంటుంది. ఒక సంఖ్యకు అరవై నాలుగు స్థానాలు కేటాయించే యంత్రాలే నేడు ఎక్కువ. అన్ని స్థానాలలోనూ 1 నిండితే వచ్చే గరిష్ఠ సంఖ్య ఇదే. దానికి మరొక ఒకటి కలిపితే, మోటారుసైకిలు మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నలకు వచ్చినట్లు, అంతా సున్న అవుతుంది. స్థానాలు తక్కువైతే వచ్చే చిక్కు 2014లో లోకానికి తెలిసింది. 'గంగ్నమ్ స్టైల్' అనే కొరియా పాటను యూట్యూబులో చూసినవారి లెక్క, ముప్పై రెండు స్థానాల లెక్కింపుకు హద్దు అయిన 2147483647ను దాటబోయింది. నిర్వాహకులు స్థానాలను అరవై నాలుగుకు పెంచారు. ఒక స్థానాన్ని ధన, రుణ చిహ్నానికి విడిచినా, కొత్త హద్దు 9223372036854775807. దానిని రెట్టించి ఒకటి కలిపితే మల్లన సంఖ్యే వస్తుంది.

చదరంగం ఆడే కంప్యూటరు ప్రోగ్రాములు ఈ అరవై నాలుగు స్థానాలను మరింత సూటిగా వాడుకొంటున్నాయి. పలకలోని ఒక్కొక్క గడికి ఒక్కొక్క స్థానం. గడిలో పావు ఉంటే 1, లేకుంటే 0. తెల్ల బంట్లు ఎక్కడున్నాయో ఒక సంఖ్య చెబుతుంది, నల్ల గుర్రాలు ఎక్కడున్నాయో మరొక సంఖ్య చెబుతుంది. ఒక్కొక్క ఎత్తుకు ముందు యంత్రం ఇటువంటి సంఖ్యలను లక్షల కొలది తిరగవేస్తుంది. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా పలక అంతటా పావులు నిలిపితే, ఆ యంత్రంలో నమోదయ్యే సంఖ్య 18446744073709551615.